ఇట్: నవల ముందా, సినిమా ముందా?

స్టీఫెన్ కింగ్ రాసిన భయానక నవల ఇట్ ఆధారంగా వెల్‌కమ్ టు డెర్రీ సిరీస్ వచ్చినప్పటి నుంచి నన్ను ఇదొక్కటే అడుగుతున్నారు. మొన్న బాలాజీ కాలనీలో టీ అంగడి దగ్గర ఇద్దరు కాలేజీ పిల్లలు మళ్లీ అడిగారు. "అన్నా, పుస్తకం చదివి సినిమా చూడాలా, సినిమా చూసి పుస్తకం చదవాలా? రెండో సినిమా బాలేదంటారే, దాన్ని వదిలేస్తే పోదా?" టీ తాగే లోపల చెప్పిన జవాబు నాకే చాల్లేదు. అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను. కథ ఎంతో కొంత తెలిసినవాళ్ల కోసమే ఇది. ముగింపు గురించి కూడా మాట్లాడతాను కాబట్టి, ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

మన ముందున్నవి ఇవి. స్టీఫెన్ కింగ్ నవల, 1986లో వచ్చింది. 1990లో అమెరికన్ టీవీలో రెండు భాగాలుగా వేసిన మినీసిరీస్. ఆండీ ముషియెట్టి తీసిన రెండు సినిమాలు, మొదటిది 2017లో, రెండోది 2019లో. ఇప్పుడీ సిరీస్.

మినీసిరీస్ సంగతి ముందే తేల్చేద్దాం. పిల్లలను వేటాడే జోకర్ పెన్నీవైజ్‌గా టిమ్ కర్రీ నవ్వే నవ్వు కోసం చూడొచ్చు. మొదటి భాగం బాగుంటుంది. రెండో భాగం చివర్లో పెన్నీవైజ్ ఇంకో రూపంగా వచ్చే సాలీడు బొమ్మతో భయమంతా దిగిపోతుంది. అంతకు మించి చెప్పడానికేం లేదు.

2017 సినిమా వేరే స్థాయి. మూడున్నర కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 70 కోట్ల డాలర్లు దాటింది. జనం అన్నిసార్లు చూసింది జోకర్ కోసమే కాదు, వాడిని ఎదిరించే ఆ ఏడుగురు పిల్లల కోసం కూడా. నవలలో 1958లో జరిగే వేసవిని 1989కి మార్చినా పిల్లల మాట, గొడవ, బెదురు ఎక్కడా చెడలేదు. మొదటి సీన్ గుర్తుందా? ఆ ఏడుగురిలో ఒకడైన బిల్ జ్వరంతో మంచం మీద కూర్చుని తమ్ముడికి కాగితం పడవ చేసి, నీళ్లకు నానకుండా మైనం పూస్తాడు. జార్జీ పసుపు రెయిన్‌కోటు వేసుకుని వానలో దాని వెంట పరిగెడతాడు. పడవ వీధి పక్కన తూములోకి జారిపోతుంది, అందులో పెన్నీవైజ్ కాచుకుని ఉంటాడు.

2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తినప్పుడు కపిలతీర్థం జలపాతం ఎలా దూకిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మా వీధిలో కాలువా రోడ్డూ ఒకటైపోయాయి. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు మా పాప లెక్కల నోటుబుక్కులోంచి కాగితం చించి పడవ చేసి గేటు దగ్గర వదిలింది. ఆ పడవ గుండ్రంగా రెండు సార్లు తిరిగి, మూత లేని కాలువ వైపు మళ్లింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి పాపను ఎత్తుకున్నాను. "పడవ పోయింది నాన్నా" అని అది ఏడుస్తోంది. ఎందుకు పరిగెత్తానో దానికి ఎలా చెప్పేది? ఒక సీన్ మనిషిని ఇన్నేళ్లు పట్టుకుని ఉందంటే ఆ సినిమా తక్కువదేం కాదు.

ఇంకో మాట కూడా సినిమా పక్షాన చెప్పాలి. నవలలో జార్జీ శవం దొరుకుతుంది, చనిపోయాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. 2017 సినిమాలో శవం దొరకదు. ఈ ఒక్క మార్పుతో బిల్‌కు ఆశ మిగిలింది. తమ్ముడు ఏ తూములోంచి ఎటు కొట్టుకుపోయి ఉంటాడో లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాడు. వాళ్ల నాన్న ఆ లెక్కలు చూడలేక కోప్పడే సీను నవలలో లేదు. నాకైతే ఆ మార్పు నవల కంటే బాగా తగిలింది.

ఇన్ని చెప్పాక కూడా నా ఓటు నవలకే. కారణం ఒక్కటే, మరుపు.

కథ జరిగే ఊరు డెర్రీ. అది వదిలి వెళ్లినవాళ్లు ఆ ఊరిని మర్చిపోతారు. ఆ వేసవిని, ఒకరినొకరు, చివరికి జార్జీ ఎలా పోయాడో కూడా మర్చిపోతారు. ఏడుగురిలో ఊళ్లో మిగిలిన మైక్ ఒక్కడికే అన్నీ గుర్తు. 27 ఏళ్ల తర్వాత, పెన్నీవైజ్ మళ్లీ మేలుకున్నాడని వాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. నవల చిన్నతనాన్నీ పెద్దతనాన్నీ పక్కపక్కన పెట్టి నడుపుతుంది. పెద్దవాళ్లకు ఎంత గుర్తొస్తే చదివే మనకూ అంతే తెలుస్తుంది. చివరి అధ్యాయాల్లోకి వచ్చేసరికి 1958లో మొదలైన వాక్యం 1985లో పూర్తవుతుంది. చీకట్లో నడిచేది ఆ పిల్లలా, ఈ పెద్దలా అని ఒక క్షణం తెలియదు. భయం అక్కడ పుడుతుంది. పెన్నీవైజ్ పళ్ల కంటే నాకు అదే ఎక్కువ భయం.

సినిమాలు ఈ రెండు కాలాలనూ విడదీశాయి. 2017లో పిల్లల కథ అంతా చెప్పేశారు. 2019లో పెద్దవాళ్లు "ఆ రోజు ఏం జరిగింది?" అని తడుముకుంటుంటే, హాల్లో కూర్చున్న మనకు అది రెండేళ్ల కిందటే తెలుసు. వాళ్లకు గుర్తురావడంలో మనకు టెన్షన్ లేదు. అందుకని కొత్త ఫ్లాష్‌బ్యాకులు అల్లారు. ఒక్కొక్కరూ ఒక్కో దిక్కుకు వెళ్లి ఒక్కో పాత వస్తువు వెతుక్కురావడం, ఒక్కొక్కరినీ ఒక్కోసారి భయపెట్టడం. మొదటి సినిమా 135 నిమిషాలు, రెండోది 169. అభిమానులు "సాగదీశారు", "మధ్యలో జోకులెందుకు" అని కోప్పడ్డారు. రెండేళ్లలో ఎదిగిపోయిన పిల్లల ముఖాలను కంప్యూటర్లో చిన్నవి చేయడం కూడా చాలామంది కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడింది. ఇవన్నీ నిజమే. ఈ సాగదీత మూలం మాత్రం నిడివి కాదు, ఆ విడదీత.

మరుపు గురించి ఇంతగా ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి. నేను బెంగళూరులో ఉన్న రోజుల్లో ఒక రాత్రి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "రేయ్, యాడుండావు?" అన్నాడు. గొంతు పోల్చుకోలేకపోయాను. పేరు చెప్పాక కూడా ముఖం గుర్తురాలేదు. పదో తరగతి బ్యాచ్ అందరినీ కలుపుతున్నాడు. తిరుపతి వదలకుండా ఉండిపోయింది వాడొక్కడే. అందరి నంబర్లూ వెతికి పట్టుకున్నది కూడా వాడే. మాటల్లో "నీ కాలి మచ్చ ఎట్లుంది?" అన్నాడు. నా మోకాలి కింద రెండంగుళాల మచ్చ ఉంది. సైకిల్ మీంచి పడ్డానని మా ఆవిడతో చెబుతూ వచ్చాను. అబద్ధం కాదు, నేనూ అలాగే అనుకుంటున్నాను. "సైకిలేందిరా, స్వర్ణముఖి ఇసకలో సీసా పెంకు దిగింది కదా. నేనే కదరా మోసుకొచ్చింది" అన్నాడు. ఆ మాటతో అరికాలి కింద కాలే ఇసుక, వాడి భుజం మీద చెమట వాసన, నా కాలికి కట్టిన వాడి స్కూలు చొక్కా, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఇరవై నాలుగేళ్లు అవి ఎక్కడున్నాయో తెలియదు. నవలలో మైక్ ఫోన్లు చేసే అధ్యాయం నాకు కల్పనలా అనిపించదు.

అందుకే మైక్‌ను సినిమాలు చిన్నబుచ్చాయని అభిమానులు బాధపడితే నేను వాళ్ల వైపే ఉంటాను. ఊరి చరిత్ర తవ్వే పని మొదటి సినిమాలో ఏడుగురిలో మరొకడైన బెన్‌కు ఇచ్చేశారు. రెండో సినిమాలో మైక్ లైబ్రరీ మీద కాపురం ఉంటూ కనిపిస్తాడు గానీ, అందరూ వెళ్లిపోయాక ఉన్న ఊళ్లో ఒక్కడే గుర్తుంచుకుంటూ బతకడం అంటే ఏమిటో చూపించలేదు. పైగా స్నేహితుల దగ్గర నిజం దాచినవాడిగా నిలబెట్టారు.

ముగింపులోనూ ఇదే తేడా. సినిమాలో పిల్లలప్పుడు ఒట్టు వేసుకుంటూ కోసుకున్న అరచేతుల గాట్లు మాయమవుతాయి, జ్ఞాపకాలు మిగులుతాయి. నవలలో గెలిచాక కూడా మళ్లీ మర్చిపోతారు. మైక్ రాసుకున్న అడ్రస్ బుక్కులో స్నేహితుల పేర్లు చెరిగిపోతుంటాయి. ఆ పేజీ చదివాక నేను చాలాసేపు లేవలేదు. జనానికి అంత దుఃఖం ఇవ్వడం సినిమావాళ్లకు ఇష్టం లేకపోయి ఉండొచ్చు, ఆ జాలిని నేను తప్పుపట్టను. నాకు మాత్రం పుస్తకం ముగింపే ముగింపు.

అలాగని రెండో సినిమాను వదిలేయొద్దు. ముసలావిడ మిసెస్ కెర్ష్ ఇంట్లో, ఏడుగురిలో ఒక్కతే అమ్మాయి బెవర్లీ టీ తాగే సీను ఒక్కటి చాలు టికెట్ డబ్బులకు. వెనకాల ఆ ముసలావిడ గుమ్మానికి అడ్డంగా కదిలే తీరుకు నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఏడుగురిలో ఇంకొకడైన రిచీగా నటుడు బిల్ హేడర్ నవ్విస్తూ నవ్విస్తూ చివర్లో ఏడిపిస్తాడు. సైకిల్ అమ్మే ముసలాయనగా కింగే కనిపిస్తాడు, అభిమానులకు అదొక పండగ.

నవలకూ లోపాలున్నాయి. చివర్లో పిల్లల మీద రాసిన ఒక ఘట్టం రాయకుండా ఉండాల్సింది. సినిమాలు దాన్ని తీసేసి మంచి పని చేశాయి. నిడివి కూడా మామూలుగా లేదు, 1,100 పేజీలు దాటుతుంది. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు, గాలిగోపురం దాకానే ఆయాసం, తర్వాత కాళ్లు వాటంతటవే నడుస్తాయి. ఈ పుస్తకమూ అంతే. మొదటి రెండొందల పేజీలు ఓర్చుకోండి. ఇంగ్లీషు చదవడం కష్టమైతే స్టీవెన్ వెబర్ చదివిన ఆడియో బుక్ ఉంది, సుమారు 45 గంటలు. బెంగళూరు బస్సులో పోతూ వస్తూ నెల రెండు నెలల్లో అయిపోతుంది.

కాబట్టి నా వరస ఇది: ముందు 2017 సినిమా, తర్వాత నవల, ఆ తర్వాత రెండో సినిమా. మొదటి సినిమా చూస్తే ఏడుగురి ముఖాలూ మనసులో నిలుస్తాయి, పుస్తకంలో ఎవరు ఎవరో తికమక పడరు. నవల చదివి రెండో సినిమాకు వెళ్తే, తెర మీద లేనిది మీరు నింపుకుంటారు. నవల చదవనే చదవం అనేవాళ్లు రెండు సినిమాలనూ ఒకే రోజు చూడొద్దు. మధ్యలో కొన్ని నెలలు వదిలేయండి, కాస్త మర్చిపోనివ్వండి.

ఇక సిరీస్. 1962లో జరిగే ఎనిమిది ఎపిసోడ్లు. 1962, 1935, 1908, ఇలా 27 ఏళ్ల చొప్పున వెనక్కి వెళ్తూ మూడు సీజన్లు తీయాలన్నది ముషియెట్టి చెప్పిన ఆలోచన. నాకు ఆశ పెరిగింది అక్కడే. నవలలో మైక్ రాసుకున్న డెర్రీ చరిత్ర సినిమాల్లో సరిగా పడలేదు. బ్లాక్ స్పాట్ అనే క్లబ్బులో మంటలు, నడివీధిలో బ్రాడ్లీ ముఠాను ఊరివాళ్లే కాల్చి చంపడం, ఈస్టర్ రోజు పిల్లలు గుడ్లు వెతుక్కుంటుండగా పేలిన ఇనుప ఫ్యాక్టరీ. ఊరంతా చూసి, ఊరంతా మర్చిపోయిన సంగతులు ఇవి. వెనక్కి వెళ్లేకొద్దీ అవి దొరుకుతాయి. నా భయం కూడా ఒకటుంది. పెన్నీవైజ్ ఎవరు, ఎందుకు అని విప్పి చెప్పేకొద్దీ భయం పలచబడుతుంది. 1935 సీజన్‌లో జోకర్‌ను తగ్గించి ఊరివాళ్లను ఎక్కువ చూపిస్తే బాగుండు. ఆంధ్రభూమి వీక్లీలో తులసిదళం సీరియల్ కోసం వారం వారం కాచుకున్న మా అమ్మ, దాని కొనసాగింపు తులసి మొదలయ్యేసరికి ఎంత సంబరపడిందో ఇప్పటికీ చెబుతుంది. ఈ సీజన్ల కోసం నేనూ అలాగే కాచుకుని ఉన్నాను.

నా నవల కాపీ ఇప్పుడు నా దగ్గర లేదు. తిరుపతిలోనే ఉండిపోయిన ఆ మిత్రుడికి పోయిన నెల ఇచ్చాను. వాడు రోజుకు పది పేజీలు చదువుతున్నాడు. ఫోన్ల అధ్యాయం అయిపోయిన రాత్రి పదకొండున్నరకు నాకు ఫోన్ చేశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రేయ్, గుర్తుండానా?" అన్నాడు.