గ్యాస్ బావి: ఊళ్లోనా, సముద్రంలోనా, ఓడలో తెచ్చుకోవడమా? ఏది మేలు?

పోయిన నెల మా వీధిలోకి పైపు గ్యాస్ ఫారాలు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. "సిలిండరు మేలా, పైపు మేలా, ఏదో ఒకటి తేల్చండి" అంది మా ఆవిడ. అది తేల్చడానికి అయిదు నిమిషాలు చాలు. సిలిండర్లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ గాలికన్నా బరువు. లీకయితే గచ్చు మీద పరుచుకుని స్టవ్ గట్టు కిందే కూచుంటాయి. పైపులో వచ్చే మీథేన్ గాలికన్నా తేలిక, వెంటిలేటర్ ఉంటే పైకి పోతుంది. స్టవ్‌కి జెట్లు మార్పించుకోవాలి, అంతే. బుక్ చేసి ఎదురుచూసే పని ఉండదు. పైపే మేలు.

అసలు చిక్కు ఆ సాయంత్రం మొదలైంది. మా పెద్దమ్మాయిని ఇచ్చింది కోనసీమలో, మామిడికుదురు మండలంలో. ఫోన్లో మా వియ్యంకుడితో పైపు గ్యాస్ సంగతి చెప్తే, "మీకేమండీ బావగారూ, పొయ్యి మీది, నిప్పు మాది" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట నన్ను వదల్లేదు. గ్యాస్ కావాలా వద్దా అని కాదు, ఎక్కడ తవ్వితే మేలు అని అప్పటి నుంచీ ఆలోచిస్తున్నా.

తవ్వడమంటే మన చిత్తూరు వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసేవాడి దగ్గర్నుంచి, తెల్లవార్లూ దడదడలాడే రిగ్గు దాకా అన్నీ చూసినవాళ్లమే. వెయ్యి అడుగులు దింపి దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు మా మామగారి చేనులోనే మూడున్నాయి. మన బోరుకి పైన మెత్తటి మన్ను ఉన్నంతవరకే కేసింగ్ వేస్తాం, గట్టి రాయి తగిలాక వట్టి రంధ్రమే. గ్యాస్ బావి అలా కాదు. రెండు, మూడు కిలోమీటర్లు, ఒక్కోచోట ఇంకా లోతుకి పోతుంది. ఒకదాన్లో ఒకటిగా ఇనుప గొట్టాలు దింపి, గొట్టానికీ మట్టికీ మధ్య సిమెంటు నింపుతారు. పైనున్న మంచినీటి పొరలోకి కింది గ్యాస్, ఉప్పునీరు రాకుండా ఆపేది ఆ సిమెంటే. తవ్వేటప్పుడు బరువైన బురదను లోపలికి పంపుతూ ఉంటారు. కింది నుంచి తన్నే గ్యాస్‌ను ఆ బురద బరువే అణచిపెడుతుంది. ఆ బరువు సరిపోక, పైన బిగించిన వాల్వులు కూడా పట్టు తప్పితే జరిగేదాన్నే బ్లోఅవుట్ అంటారు.

కోనసీమలో ఆ మాట పిల్లలకి కూడా తెలుసు. 1995 జనవరి 8న, సంక్రాంతికి వారం ముందు, పాశర్లపూడి బావి అంటుకుంది. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. విదేశాల నుంచి నిపుణుల్ని రప్పించాల్సి వచ్చింది. "రాత్రి వాకిట్లో దీపం అక్కర్లేదండి, రెండు నెలలు మాకు చీకటే లేదు" అంటారు మా వియ్యంకుడు. ఆ మంట సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గొప్ప కూడా వినిపిస్తుంది. నగరం అనే పక్క ఊరి పేరెత్తితే మాత్రం మాట ఆగిపోతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ ఊళ్లో పైపులైను పేలి 20 మందికి పైగా పోయారు. అది బావి కాదు, బావి నుంచి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే గొట్టం. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తేమ ఉన్న గ్యాస్ పోయి, లోపల తుప్పు తినేసింది. మన వంటగ్యాస్‌కి ఉండే ఆ కుళ్లు వాసన దానికి లేదు. ఆ వాసన తర్వాత కలిపేది, గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. అలాంటి గ్యాస్ లీకై ఇళ్ల మధ్య పేరుకుపోయినా ముక్కుకి తెలియడం కష్టం.

అందుకే ఊళ్ల మధ్య తవ్వడంలో నాకు బావికన్నా గొట్టాల భయమే ఎక్కువ. బావి దగ్గర ఇంజనీర్లు ఉంటారు. గొట్టం పక్కన టీ కొట్టు ఉంటుంది.

లాభం లేదా అంటే ఉంది. భూమ్మీది బావి అయితే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, లోతు సముద్రంలోదైతే కేంద్రానికి పోతుంది. మన పొలాల్లో చల్లే యూరియాకి ముడిసరుకు గ్యాసే. యూరియా కోసం తెల్లవారకముందే చెప్పులు క్యూలో పెట్టి నిలబడ్డ రైతుకి గ్యాస్ వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. కరెంటు సంగతి చూసినా, గ్యాస్‌తో తీసే యూనిట్‌కి బొగ్గు యూనిట్‌లో దాదాపు సగం బొగ్గుపులుసు వాయువే గాల్లో కలుస్తుంది. బూడిద చెరువులూ ఉండవు. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. కాలకుండా లీకయిన మీథేన్, వందేళ్ల లెక్కలో కూడా బొగ్గుపులుసు వాయువుకన్నా పాతిక రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. బావి నుంచి పొయ్యి దాకా దారిలో నూటికి మూడు పాళ్లు కారిపోతే, బొగ్గుకన్నా నయమన్న పేరు ఓ ఇరవై ఏళ్ల పాటు మాటవరసకే. అక్కడా అడ్డం వచ్చేది గొట్టమే.

ఇక నేల కుంగడం. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని పెద్ద గ్యాస్ క్షేత్రం, 1959లో బయటపడింది. దశాబ్దాల పాటు తోడేసరికి భూకంపాలు మొదలయ్యాయి. 2012లో 3.6 తీవ్రతతో వచ్చింది. పెద్దదేమీ కాదు, కానీ లోతు తక్కువ కావడంతో ఇటుక ఇళ్లు పగుళ్లిచ్చాయి. లోపల ఇంకా గ్యాస్ ఉండగానే ఆ దేశం బావులు మూసేసింది. కోనసీమలో కూడా నేల దిగిపోతోందని, వరిచేలలోకి ఉప్పునీళ్లు వస్తున్నాయని రైతులు ఎప్పటి నుంచో అంటున్నారు. ఎగువ ఆనకట్టల వల్ల ఒండ్రు రాకపోవడం, రొయ్యల చెరువులు, గ్యాస్ తోడకం, ఇందులో దేని వాటా ఎంతన్నది వాదన. సముద్రమట్టానికి అరచెయ్యంత ఎత్తులో ఉన్న నేల మీద ఆ వాదన తెగేదాకా తోడుతూ కూచోవడం నాకు నచ్చదు.

సముద్రంలో తవ్వితే ఇళ్లు లేవు, టీ కొట్లు లేవు. ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు, పైగా నమ్మకం తక్కువ. కాకినాడ అవతల సముద్రంలో ఉన్న కేజీ-డీ6 అనే గ్యాస్ క్షేత్రంలో 2009 ఏప్రిల్లో గ్యాస్ మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకి సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చింది. తర్వాత బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చి నాలుగైదేళ్లలో అందులో నాలుగో వంతు కూడా మిగల్లేదు. మొదటి ఏడు మూడించుల నీళ్లు పోసి మరుసటేడు గాలి కక్కే బోరు కథే ఇది. మనం ఆ బోరును నమ్మి టమాటా పెట్టినట్టే, ఆ గ్యాస్‌ను నమ్మి మన రాష్ట్రంలో విద్యుత్ కేంద్రాలు కట్టారు. చాలా ఏళ్లు అవి ఖాళీగా నిలబడ్డాయి. 2020 చివర్లో కొత్త బావులు మొదలయ్యాక ఆ క్షేత్రం కొంత కోలుకుంది.

మూడోది ఓడ. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేస్తే ఆరువందల వంతుకు కుదించుకుపోతుంది. ఖతార్ నుంచి మనకు అలాగే వస్తుంది. తవ్వే కష్టం ఇక్కడ ఎవరికీ లేదు నిజమే, కానీ చల్లార్చడానికే పదో వంతు దాకా ఖర్చయిపోతుంది. పైగా ఎక్కడో యుద్ధం మొదలైతే ఇక్కడ టెన్షన్. 2022లో ధరలు చుక్కలు చూపించాయి. దేశం వాడే గ్యాస్‌లో సుమారు సగం ఇలా కొన్నదే.

నన్నడిగితే సముద్రపు గ్యాస్‌కి నా ఓటు, రాయల్టీ పోయినా సరే. ఓడ గ్యాస్ కొరతకి మాత్రమే. ఊళ్ల మధ్య కొత్త బావులు వద్దు. ఉన్న బావుల్ని నడుపుకోవచ్చు, ముందు పాత గొట్టాలు మార్చి వాటికి లీకు పసిగట్టే ఏర్పాటు చేసి. కరెంటు కోసమైతే గ్యాస్ దాకా పోనక్కర్లేదు. తిరుమల కొండ మీద 2002 నుంచే ఎండతో ఆవిరి పుట్టించి అన్నం వండారు. మన ఎండకి ఏం తక్కువ?

ఫారం మీద సంతకం పెట్టేశాను. కుర్రాణ్ని "గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా?" అని అడిగితే, "ఎక్కణ్ణుంచైతే ఏం సార్, గ్యాస్ గ్యాసే గదా" అన్నాడు. ఆ రాత్రి వియ్యంకుడికి ఫోన్ చేసి, మీ ఇంట్లో పైపు కనెక్షన్ ఎలా ఉందని అడిగాను.

"మాకెక్కడిదండీ బావగారూ? పెద్ద గొట్టం మా కొబ్బరితోట పక్కనుంచే పోద్ది. వంటకి సిలిండరేనండి. మొన్ననే బుక్ చేశాం, ఇంకా రాలేదు."