మాటలు రాని టీనేజీ పిల్లలకు బొమ్మల పుస్తకమా, ట్యాబా?

ఆటిజం ఉండి, నోటి మాట సరిగా రాని ఐదేళ్ల బిడ్డకు బొమ్మల కార్డులు అలవాటు చేయడంలో పెద్ద తర్జనభర్జన అక్కర్లేదు. పదిహేనేళ్లు వచ్చాకే చిక్కు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తల్లిదండ్రులు "బొమ్మ నొక్కితే మాట పైకి పలికే యాప్ కోసం ట్యాబ్ కొనమంటారా, వద్దంటారా?" అని అడిగేది ఎక్కువగా అప్పుడే.

ముందు కార్డుల సంగతి. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పెక్స్ పద్ధతిలో పిల్లలు కావలసిన వస్తువు బొమ్మను తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి. అంటే మనిషి దగ్గరకు వెళ్లక తప్పదు. దాని బలం అదే. ఖర్చు కూడా తక్కువ: జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఫైలుకు అంటించుకుంటే చాలు. కరెంటు పోయినా, బస్సులో కింద పడినా ఏమీ కాదు. మే నెల మధ్యాహ్నం మహబూబ్‌నగర్ బస్టాండు బయట ట్యాబ్ తెర మీద ఏమీ కనిపించదు, కార్డు కనిపిస్తుంది.

కానీ అవసరాలు పెరిగేకొద్దీ ఫైలు లావెక్కుతుంది, వెతకడానికే ఓపిక అయిపోతుంది. పైగా చూసేవాళ్లు ఉంటేనే కార్డు పనిచేస్తుంది. కిరాణా కొట్టులో అటు తిరిగి పప్పు తూస్తున్న మనిషిని కార్డు పిలవలేదు, గొంతు పిలుస్తుంది. తోటి పిల్లల ముందు పసిపిల్లల బొమ్మల ఫైలు తీయడానికి సిగ్గుపడే వయసు కూడా అది.

ఇంట్లో ఉన్న ఫోనులోనే యాప్ వేస్తే సరిపోదా? సరిపోదు. నాన్న ఫోను తీసుకుని పనికి వెళ్తే బిడ్డ మాట కూడా ఆయన జేబులోనే వెళ్లిపోతుంది.

ట్యాబ్‌లో నాకు అన్నిటికంటే విలువైనవి తిండి బొమ్మలు కావు. ఈ వయసులో "కడుపులో నొప్పి", "నెలసరి వచ్చింది", "తలుపు వేయండి", "నన్ను ముట్టుకోవద్దు", "ఆపు" కావాలి. చాలా ఇళ్లలో "జొన్నరొట్టె" బటన్ ఉంటుంది కానీ "వద్దు" మొదటి పేజీలో ఉండదు. అది పెట్టండి, నొక్కినప్పుడు నిజంగానే ఆగండి.

చెన్నైలో తయారైన అవాజ్, ఐఐటీ బాంబే వాళ్ల జెల్లో వంటి యాప్‌లు ఉన్నాయి. దేనికైనా డబ్బు కట్టే ముందు తెలుగు గొంతు విని చూడండి. ఒక్కో మాటా విడిగా నొక్కిస్తే "నేను కావాలి నీళ్లు" అని వికారంగా వస్తుంది. "నాకు నీళ్లు కావాలి" అని మొత్తం ఒకే బటన్‌లో పెట్టడం మేలు. బొమ్మలకు బదులు మీ ఇంటి గిన్నె, మీ అవ్వ, మీ వీధి ఫొటోలు పెట్టుకోవచ్చు. బటన్ల చోటు మాత్రం మాటిమాటికీ మార్చకండి, వేళ్లు ఆ చోటును గుర్తుపెట్టుకుంటాయి.

మాట్లాడే ట్యాబ్, యూట్యూబ్ చూసే ట్యాబ్ ఒకటి కాకూడదు. అల్లరి చేశాడని మాట్లాడే ట్యాబ్ లాక్కోవడం నోరు నొక్కడమే. కొనిచ్చి ఊరుకున్నా లాభం లేదు. "అన్నం తిందామా" అంటూ మీరూ ఆ బటన్ నొక్కి చూపించాలి, నెలల తరబడి.

ట్యాబ్ ఇస్తే వచ్చే నాలుగు మాటలూ పోతాయన్న భయం అందరిలోనూ ఉంది. ఇలాంటి సాధనాల వల్ల మాట తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. కొందరిలో కొంత పెరిగింది కూడా. భయపడాల్సింది మరొకటి ఉంది. పిల్లల మణికట్టు పట్టుకుని అక్షరాలు నొక్కించి, "మీవాడు కవిత్వం రాశాడు" అనేవాళ్లు. ఆ మాటలు చేయి పట్టుకున్నవారివేనని పరీక్షల్లో పదేపదే బయటపడింది.

కాబట్టి బొమ్మను గుర్తుపట్టి వేలు పెట్టగలిగే టీనేజీ పిల్లలకు నా ఓటు ట్యాబ్‌కే. ఖరీదైనది అక్కర్లేదు, మామూలు ఆండ్రాయిడ్ చాలు. దెబ్బలు తట్టుకునే కవరు, మెడలో వేసుకునే పట్టీ తప్పనిసరి. మొదటి పేజీని అదే వరుసలో ప్రింటు తీసి లామినేట్ చేయించి సంచిలో ఉంచండి, చార్జింగ్ అయిపోయినప్పుడు అదే దిక్కు. తెరను తాకగానే విసిరేసేవారికి, మనిషి దగ్గరకే రానివారికి ముందు కార్డులే నయం. ఎటూ తేలకపోతే మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచరుకు చూపించండి, లేదా మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో పరీక్ష చేయించండి. కొనే రోజున షాపులోంచి రోడ్డు మీదకు తెచ్చి, ఆటోల రొదలో దాని గొంతు వినిపిస్తుందో లేదో చూశాకే డబ్బు కట్టండి.