"300 పాత సినిమాల పెన్‌డ్రైవ్" కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

"300 పాత తెలుగు సినిమాలు, పౌరాణికం, జానపదం, సాంఘికం, కౌబాయ్, కామెడీ అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో, ఫుల్ హెచ్‌డీ" అంటూ ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన తెగ తిరుగుతోంది కదా, దయచేసి దాని జోలికి వెళ్లకండి. ఊళ్లో నెట్ సరిగా రాదని మా నాన్న కోసం తెప్పించాను, పద్నాలుగు వందలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆయన ఎంతో ఆశగా టీవీకి పెట్టుకుని ఒక్క సినిమా కూడా తృప్తిగా చూడలేకపోయారు, నా బాధంతా అదే.

ముందు ఒక చిన్న లెక్క. డ్రైవ్ 64 జీబీ. అందులో 300 సినిమాలంటే ఒక్కోదానికి 215 ఎంబీ కూడా రాదు. మూడు గంటల మాయాబజార్‌ని అంతలో కుక్కితే ఇక ఫుల్ హెచ్‌డీ ఎక్కడుంటుంది? మొహాలన్నీ మసక, పైగా మూలన టీవీ చానల్ లోగో, అడుగున స్క్రోలింగ్. అంటే టీవీలో వస్తుంటే రికార్డు చేసి అమ్ముతున్నారు, వాటిని అమ్మే హక్కు ఈ డ్రైవ్ అమ్మేవాడికి ఎవరూ ఇచ్చి ఉండరు.

అసలు దారుణం బొమ్మ కోసేయడం. 1974లో అల్లూరి సీతారామరాజు వచ్చేదాకా తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పాటి తెర బొమ్మ, లేదు. అంతకుముందు సినిమాలు దాదాపు అన్నీ చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేములో తీసినవే, కాబట్టి ఇప్పటి టీవీలో చూస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండి తీరాలి. అవి లేకుండా తెర నిండా బొమ్మ వస్తోందంటే పైనా కిందా కోసేశారన్నమాట, లేదంటే అడ్డంగా సాగదీశారన్నమాట. కోస్తే పోయేది కొంచెం కాదు, దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. నా దగ్గరున్న మాయాబజార్‌లో "వివాహ భోజనంబు" పాట చూడండి, ఎస్వీ రంగారావు గారి కిరీటం పైన తెగిపోయింది, కింద పళ్లెం కనబడదు, లడ్డూలు ఎక్కణ్ణుంచి లేచి ఆయన నోట్లోకి వెళ్తున్నాయో అర్థం కాదు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ ఒక్కో షాట్‌నీ అంత శ్రద్ధగా వెలుగునీడలతో తీస్తే దానికి ఈ గతి పట్టించారు. గుండమ్మ కథని (1962) సాగదీశారు, సావిత్రి, జమున మొహాలు గుర్తుపట్టలేనట్టు ఉబ్బిపోయాయి.

నర్తనశాల (1963) పెట్టాం. "సలలిత రాగ సుధారస సారం" లేదు! బాలమురళీకృష్ణ గారు పాడిన ఆ పాట కోసమే ఆ సినిమా మళ్లీ మళ్లీ చూసేవాళ్లు ఎంతమంది ఉన్నారు. కీచకుడిగా రంగారావు గారికి జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు తెచ్చిన సినిమా అది, ఆయన సీన్లు కూడా మధ్యమధ్యలో ఎగిరిపోయాయి. నాన్న రిమోట్ పక్కన పెట్టేసి "ఇది వద్దులే, తీసెయ్" అన్నారు.

పేర్లతో ఇంకో మోసం. లిస్టులో "మల్లీశ్వరి" అని ఉంటే ఎవరైనా బి.ఎన్. రెడ్డి గారి 1951 సినిమా, భానుమతి, కృష్ణశాస్త్రి గారి పాటలు అనుకుంటారు. ఫైలు తెరిస్తే 2004లో వచ్చిన వెంకటేష్ సినిమా. దాని మీద నాకు కోపమేం లేదు, కానీ అడిగింది అది కాదు. "దేవదాసు" కూడా అంతే, 1953లో నాగేశ్వరరావు గారు, సావిత్రి చేసినది కాకుండా 1974లో కృష్ణ గారు చేసినది పెట్టారు. నా మాటగా చెప్తున్నా, మొదటిది తప్పకుండా చూడాలి, రెండోది వదిలేసినా నష్టం లేదు. ఇక "మిస్సమ్మ" (1955) అని ఉన్నది తమిళ మిస్సియమ్మ. రెండు భాషల్లోనూ సావిత్రి, రంగారావు ఉన్నారు కాబట్టి ఫొటో చూస్తే తేడా తెలీదు, రామారావు గారు ఉండాల్సిన చోట జెమినీ గణేశన్ వచ్చేసరికి గానీ విషయం బయటపడలేదు.

మాయాబజార్ రంగుల వెర్షన్ 2010లో వచ్చింది, దాని నిడివి అసలు సినిమా కంటే తక్కువ. పిల్లలకి అలవాటు చేయడానికి పరవాలేదు గానీ మొదటిసారి చూసేవాళ్లు నలుపు తెలుపులోనే చూడండి, మూడు గంటలకి పైగా ఉందో లేదో నిడివి సరిచూసుకోండి. మోసగాళ్లకు మోసగాడు (1971) లాంటి కౌబాయ్ సినిమా అయితే, 2023లో 4కేలో మళ్లీ థియేటర్లకి తెచ్చారు, అలాంటి ప్రింట్లు చూసిన కళ్లతో ఈ డ్రైవ్‌లో ఉన్నది రెండు నిమిషాలు కూడా భరించలేం.

రిటర్న్ అడిగితే "ఓపెన్ చేసిన డ్రైవ్ తీసుకోం సర్" అని ఒక్క మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, డ్రైవ్‌లోని ఫైళ్ల సైజులు కనబడే ఫొటో దగ్గర పెట్టుకోండి, అవి ఉంటే పని సులువవుతుంది.

పాత సినిమాలు చాలావాటిని హక్కులున్న సంస్థలే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాయి. ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే నెట్ బాగున్న చోట యూట్యూబ్ యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసి ఫోన్ చేతికివ్వండి. తెర చిన్నదే, కానీ పాటా పద్యం పూర్తిగా ఉంటాయి. ఆర్డర్ పెట్టి ఇంకా పార్సిల్ రానివాళ్లు ఉంటే ఈరోజే క్యాన్సిల్ చేయండి, క్యాష్ ఆన్ డెలివరీ అయితే తీసుకోకుండా వెనక్కి పంపేయండి.