క్లాట్ మెంటార్‌షిప్ ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక: మీ టెన్షన్ అక్కడ చెప్పుకోకండి

సంస్థ పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు పంపుతామని వాళ్ల మేనేజరు నిన్ననే ఫోన్‌లో అన్నాడు. ఆయన ముచ్చట తీర్చే ఓపిక ఇప్పుడు నాకు లేదు. పేరు లేకపోయినా క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ఎంట్రెన్స్) చదివేవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. రెండు రీల్స్ చూస్తే మూడోది వాళ్లదే. నల్లకోటు, వెనకాల పుస్తకాల బీరువా, "డ్రాపర్స్, మీకు మేమున్నాం" అని గుండె మీద చెయ్యి. ఉన్నారు, కాదనను. మన జేబు దగ్గరే ఉన్నారు.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. ఇంటర్ సీఈసీ. మొదటిసారి క్లాట్ రాస్తే హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్ సంగతి దేవుడెరుగు, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ దరిదాపుల్లోకి కూడా ర్యాంకు రాలేదు. ఎక్కడా చేరకుండా ఒక ఏడాది డ్రాప్ తీసుకుని మళ్లీ రాస్తానంటే బాపు సరేనన్నాడు. మాది కరీంనగర్ దగ్గర ఊరు, ఎరువులు, పురుగుమందుల దుకాణం. హైదరాబాద్ బస్సులో పోయినప్పుడల్లా నల్సార్ ఉన్న శామీర్‌పేట రాగానే "అదేనా నీ కాలేజీ?" అని అడుగుతాడు. ఇంకా సీటే రాలేదు, అయినా నా కాలేజీనే. హాస్టల్ ఖర్చు ఎందుకులే అని ఆన్‌లైన్ ప్యాకేజీ తీసుకున్నాం. 42,000 రూపాయలు. వీడియో క్లాసులు, మాక్ టెస్టులు, నెలనెలా కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో "పర్సనల్ మెంటార్".

నేను పడిపోయింది ఆ చివరి దానికే. క్లాసులు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. పాత ప్రశ్నపత్రాలు క్లాట్ పెట్టే కన్సార్షియం వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. మాక్‌లో మార్కులు పడిపోయిన రాత్రి మాట్లాడటానికి మనిషే దొరకడు.

డ్రాప్ ఇయర్ ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకు ఆ రాత్రుల గురించి నేను చెప్పనక్కర్లేదు. ఫ్రెండ్స్ అందరూ ఫ్రెషర్స్ పార్టీ ఫోటోలు పెడుతుంటారు. పక్కింటి ఆంటీ "ఇంకా ఎంట్రెన్సేనా?" అంటుంది. ఒక ఆదివారం మాక్‌లో 120కి 81 వస్తుంది, ఆ రోజు కూర మాడినా బాగానే ఉంటుంది. తర్వాతి ఆదివారం 61 వస్తే ఇంట్లో ఎవరి మొహమూ చూడబుద్ధి కాదు. అందులో సగం ఆ పరీక్ష లక్షణమే. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. ప్రశ్నలన్నీ పేరాగ్రాఫుల కింద గుంపులుగా వస్తాయి కాబట్టి రెండు పేరాలు అడ్డంగా అర్థం చేసుకున్నామంటే ఐదారు, ఐదారు చొప్పున పోతాయి. మనిషి తెలివి వారం రోజుల్లో తగ్గదు, మార్కులు మాత్రం తగ్గుతాయి. ఈ ముక్క నాకు ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పడానికేగా 42,000 తీసుకున్నది!

మెంటార్‌గా ఇచ్చిన అమ్మాయి ఏదో జాతీయ లా యూనివర్సిటీలో మూడో సంవత్సరం అన్నారు. అక్కా అని పిలిచేదాన్ని. వారానికోసారి ఫోన్, దానికి ముందు శుక్రవారం ఒక గూగుల్ ఫామ్. ఈ వారం ఎలా ఉన్నావ్, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో సపోర్ట్ ఉందా, దేనికి భయపడుతున్నావ్. నేను మహా బుద్ధిమంతురాలిలా అన్నీ నింపాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోందని రాశాను. క్వాంట్ (లెక్కల) సెక్షన్ రాగానే చేతులు చల్లబడుతున్నాయని రాశాను. బాపు ఒక్క మాట కూడా అనడు, అదే నాకు ఎక్కువ భయమని కూడా రాశాను. మా అమ్మకు కూడా చెప్పని సంగతులు అవి. అక్క ఫోన్‌లో "ఇట్స్ ఓకే రా, ఇవన్నీ మన మధ్యే ఉంటాయి" అంది.

తర్వాత "అడ్వాన్స్‌డ్ మాక్స్" అని కొత్త సిరీస్ వదిలారు. 78, 81 వస్తున్న మనిషిని 58కి వచ్చాను. ఏడుపు అయ్యాక పేపర్ తీసి నిదానంగా చూస్తే అసలు సంగతి తెలిసింది. క్వాంట్‌కు పదో తరగతి లెక్కలు చాలని కన్సార్షియమే చెబుతుంది. వీళ్ల పేపర్‌లో ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఇచ్చే పర్ముటేషన్లు ఉన్నాయి. లీగల్ రీజనింగ్ ఇంకా దారుణం. ఒక పేరాలో కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ ఇచ్చారు: ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు, అయితే దగ్గరి బంధువుల మధ్య ప్రేమాభిమానాలతో చేసుకున్నది రాతపూర్వకంగా ఉండి, రిజిస్టర్ కూడా అయి ఉంటే చెల్లుతుంది. కింద ప్రశ్నలో ఒక అన్న తమ్ముడికి ప్రేమతో రెండు లక్షలు ఇస్తానని కాగితం మీద రాసిచ్చాడు. రిజిస్టర్ చేయించలేదని ఆ ప్రశ్నలోనే ఉంది. వాళ్ల కీలో జవాబు "చెల్లుతుంది". పేరాలో ఉన్నదాన్ని బట్టే జవాబు రాయాలని మొదటి క్లాసులో చెప్పింది వీళ్లే!

స్క్రీన్‌షాట్ పెట్టి అడిగితే అక్క జవాబు: "మాక్ కదా, లైట్ తీసుకో. నీకు ఓవర్‌థింకింగ్ ఎక్కువైంది." 2024 డిసెంబర్‌లో జరిగిన అసలు క్లాట్ కీలో తప్పులున్నాయని పిల్లలు కోర్టుకెక్కితే వ్యవహారం ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది, అడ్మిషన్లు నెలల తరబడి ఆగిపోయాయి. కీ తప్పు అంత పెద్ద విషయం. నేను ఒక పీడీఎఫ్ గురించి అడిగితే ఓవర్‌థింకింగ్. సరే, మాక్ కదా, పోనీలే అనుకున్నాను.

అసలు విషయం ఈ ఆదివారం జరిగింది. "పేరెంట్ రివ్యూ కాల్, తప్పనిసరి" అని మెసేజ్ వచ్చింది. బాపు దుకాణం కుర్రాడికి అప్పజెప్పి, చొక్కా మార్చుకుని వచ్చి నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అవతల ఒక కౌన్సెలర్, ఎప్పుడూ చూడని మనిషి. అక్క కూడా ఉంది, కెమెరా ఆఫ్, మ్యూట్.

నమస్తే అయ్యీ అవగానే ఆయన అన్న మొదటి మాట ఇది: "సార్, మీ అమ్మాయి రాత్రుళ్లు నిద్రపోవట్లేదు, మీకు తెలుసా? మీరంటే భయపడి మీకు చెప్పట్లేదు." నాకు నోట మాట రాలేదు. బాపు నా వైపు తిరిగి చూశాడు. ఆయన ఆగలేదు. "ఈ స్టేజ్‌లో పట్టించుకోకపోతే పిల్లలు ఏమైనా చేసుకుంటారు సార్. న్యూస్‌లో చూస్తూనే ఉన్నాం కదా." ఆ మాట అన్న గొంతులో కంగారు లేదు, జాలి లేదు. సిమ్ కార్డు ప్లాన్ చెప్పినట్టు చెప్పాడు. అది అలాగే కొనసాగి, ఇంకో 18,000 కడితే "రెసిలియెన్స్ ప్రోగ్రామ్" ఉంది, సైకాలజిస్ట్ సెషన్లు ఉంటాయి, ఈ రోజు రాత్రి పన్నెండు లోపు అయితే డిస్కౌంట్ అనే దగ్గర తేలింది. నేను ఏమైనా చేసుకుంటానేమో అన్న భయానికి డిస్కౌంట్, అదీ అర్ధరాత్రి వరకే.

దేవుడున్నాడు. ప్రోగ్రామ్ వివరాలు చూపిస్తానని స్క్రీన్ షేర్ చేసి, తొందరలో వేరే ట్యాబ్ తెరిచాడు. ఎక్సెల్ షీట్. వరుసగా పిల్లల పేర్లు. పైన హెడ్డింగులు: "పెయిన్ పాయింట్స్", "డెసిషన్ మేకర్", "పిచ్" (అంటే అమ్మకపు మాట). నా పేరు పక్కన "స్లీప్ ఇష్యూ, ఫాదర్ ఫియర్, స్కోర్ డౌన్". డెసిషన్ మేకర్ కింద "ఫాదర్, షాప్ ఓనర్, పేమెంట్ ప్రాబ్లమ్ లేదు". పిచ్ కింద "ఈ వారమే చేయాలి". శుక్రవారం శుక్రవారం నేను ఫామ్‌లో రాసినవన్నీ అక్కడ మూడేసి మాటల్లో ఉన్నాయి.

నేను చూస్తూ ఉండిపోయాను. బాపు మాత్రం కదిలాడు. జేబులోంచి ఫోన్ తీసి లాప్‌టాప్ తెరకు ఎదురుగా పెట్టి ఫోటో కొట్టాడు. అప్పటికి కౌన్సెలర్‌కు తెలివొచ్చి "సారీ సార్, అది ఇంటర్నల్" అని ట్యాబ్ మూసేశాడు. బాపు చాలా మెల్లగా అన్నాడు: "పురుగుమందు అమ్మేటోణ్ని నేను. అమ్ముడుపోవాలని పురుగును తెచ్చి చేన్ల మాత్రం వదలను." అని కాల్ కట్ చేశాడు. ఆ తర్వాత నన్ను తిట్టలేదు. "నిద్ర పట్టకపోతే నన్ను లేపొద్దా బిడ్డా" అన్నాడు, అంతే, మళ్లీ దుకాణానికి పోయాడు. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకున్నాను.

అక్కకు మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు. పాపం, తనకూ జీతమో కమీషనో వస్తుందేమో. నాకు అనవసరం.

ఇక డబ్బు. మిగిలిన నెలలకు రీఫండ్ ఇవ్వమని మేనేజరుకు ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. "మేడమ్, రీఫండ్ విండో ఏడు రోజులే. లా చదవాలనుకునేవాళ్లు టర్మ్స్ చదవరా?" ఆ టర్మ్స్ పీడీఎఫ్ డబ్బు కట్టాక మెయిల్‌లో వచ్చింది, కట్టే పేజీలో ఎక్కడా లేదు. అది చెబితే "నోటీసు పంపమంటారా" మొదలైంది. చివర్లో బాణం ఒకటి: "మీ స్కోర్‌కి లాసెట్ రాసుకోండి మేడమ్, అది ఎవరైనా రాస్తారు."

రాస్తాను. మన రాష్ట్ర లా ఎంట్రెన్సే కదా అది, సిగ్గేముంది అందులో? 120 ప్రశ్నలు, గంటన్నర, నెగటివ్ మార్కులు లేవు, తెలుగులోనూ రాయొచ్చు. ఉస్మానియాలో లా చదివి హైకోర్టులో వాదించేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలియదనుకుంటా. క్లాట్ కూడా రాస్తాను, అది నా ఇష్టం. ఈ వారం పాత పేపర్లు కూర్చుని రాస్తే మళ్లీ 76 వచ్చింది. వచ్చే వారం తగ్గుతుందేమో, తగ్గనీ. మూడింటికి మెలకువ వస్తే బాపును లేపుతున్నాను. ఇద్దరం టీ పెట్టుకుని కూర్చుంటున్నాం. ఆయనకు క్లాట్ అంటే ఏమిటో సగమే తెలుసు, అయినా ఫర్వాలేదు.

కొనబోయేవాళ్లకు రెండు ముక్కలు, నాకు తెలిసినంత వరకు. ఒకేసారి మొత్తం కట్టకండి, వాయిదాల్లో కట్టండి. రీఫండ్ షరతులు డబ్బు కట్టకముందే రాతలో అడగండి. మాక్ సిరీస్ కొనేముందు ఒక్క పేపర్ అడిగి, దాన్ని కన్సార్షియం పాత పేపర్ పక్కన పెట్టి చూసుకోండి. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో వెనక్కి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ మార్గదర్శకాల్లో ఉంది, మెయిల్‌లో ఆ సంగతి ప్రస్తావించండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు. నేను 1915కి చేశాను, ఫిర్యాదు నంబర్ వచ్చింది. ఏమవుతుందో చూడాలి. "ఎలా ఉన్నావ్" ఫామ్ ఎవరు పంపినా నింపకండి. మనసు బాగోలేకపోతే ఇంట్లోవాళ్లకో, నమ్మకమైన ఫ్రెండ్‌కో చెప్పండి. మరీ బాగోలేకపోతే ప్రభుత్వ టెలిమానస్ 14416కు చేయండి, డబ్బు అడగరు.

బాపు తీసిన ఫోటోలో ఉన్నది నా వరుస ఒక్కటే కాదు. పైన కింద ఇంకా కొంతమంది పిల్లల పేర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది ఇక్కడ పెట్టను, మీ సంగతులు ఊరందరికీ ఎందుకు. మీరు ఈ ఏడాది వాళ్ల డ్రాపర్ బ్యాచ్‌లో ఉండి శుక్రవారం ఫామ్ నింపి ఉంటే నాకు మెసేజ్ చేయండి. మీ వరుస ఉంటే అదొక్కటి కత్తిరించి మీకే పంపిస్తాను, ఫిర్యాదుకు పనికొస్తుంది.