లాంగ్‌ఫెలో ఇల్లు ఒకచోట, పేరు ఇంకోచోట

బోస్టన్ వెళ్లిన మనవాళ్లు హార్వర్డ్‌లో విగ్రహం బూటు ముట్టుకుని, ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. అక్కణ్ణుంచి బ్రాటిల్ స్ట్రీట్‌లో పది పదిహేను నిమిషాలు నడిస్తే 105 నంబరు, పసుపు రంగు మేడ. అమెరికన్ కవి హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో 1837లో అద్దెకు దిగిన ఇల్లది. 1843లో పెళ్లయితే మామగారు దాన్నే కొని ఇచ్చారు. 1882లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. నేషనల్ పార్క్ సర్వీసుది కాబట్టి టికెట్ లేదు. లోపలికి గైడుతోనే వెళ్లాలి, అదీ వేసవి నుంచి అక్టోబరు దాకానే. చలికాలం వెళితే తోటతో సరిపెట్టుకోవాలి. కారు మాత్రం తేవద్దు, పెట్టడానికి చోటుండదు. రెడ్ లైన్ రైలే హాయి.

చూడాల్సింది చదువుగది. 1775లో జార్జి వాషింగ్టన్ యుద్ధం నడిపిన గది కూడా అదే, కానీ నాకు దానిమీద ధ్యాస పోలేదు. 1861లో లాంగ్‌ఫెలో భార్య ఫానీ బట్టలకు నిప్పంటుకుంది. ఆర్పబోయి ఆయనా కాలాడు. ఒళ్లంతా గాయాలతో అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాడు. మనం బొమ్మల్లో చూసే ఆ తెల్లగడ్డం ఆ మచ్చల మీద పెంచిందే. సొంత కవిత్వం సాగని ఆ రోజుల్లో ఇటలీ కవి డాంటే కావ్యం అనువాదం పట్టుకున్నాడు. బుధవారం రాత్రుళ్లు కవి లోవెల్, పండితుడు నార్టన్ వచ్చి కూర్చునేవారు. ప్రూఫులు చదివి తప్పొప్పులు తేల్చి, ఆ తర్వాతే భోజనం. 1867లో మూడు సంపుటాలు వచ్చాయి. హార్వర్డ్ ఉన్న ఈ కేంబ్రిడ్జి ఊరి పిల్లలు 1879లో ఇచ్చిన చెస్ట్‌నట్ కర్ర కుర్చీ కూడా ఈ గదిలోనే ఉంది. కమ్మరి మీద ఆయన రాసిన పద్యంలోని చెట్టు కొట్టేస్తే, ఆ కర్రతో చేయించారు.

బసకి హార్వర్డ్ స్క్వేర్ హోటళ్ల ధరలు వింటే కళ్లు తిరుగుతాయి. మేం రైలు చివరి స్టేషన్ ఏల్‌వైఫ్ వైపు దిగాం. గది శుభ్రం, రాత్రంతా లిఫ్టు చప్పుడు.

లాంగ్‌ఫెలో పేరే పెట్టుకున్న వేసైడ్ ఇన్ బోస్టన్‌కి పడమట సడ్‌బరీ ఊళ్లో ఉంది. కారు తప్పనిసరి. 1716 నాటి సత్రం, పది గదులే, కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. అతిథులు రాసి సొరుగుల్లో దాచిపోయిన ఉత్తరాలు వెతుక్కోవడం పిల్లలకి భలే సరదా. కాకపోతే కవి 1862లో చూసి వెళ్లాడు, ఆ తర్వాత దాని మీద కథాకావ్యం రాశాడు, అంతే. ఆయన కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు. ఆష్‌లాండ్ లక్ష్మీదేవి గుడికి వెళ్లేవాళ్లకి దారి కలుస్తుంది, అలా అయితే సరే. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఆయన చిన్నప్పటి ఇటుక ఇల్లుంది, రైల్లో రెండున్నర గంటలు. సముద్రం చూసే పని కూడా ఉంటేనే వెళ్లండి.

సమాధి మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో, ఇండియన్ రిడ్జ్ దారిలో ఉంది. హార్వర్డ్ నుంచి 71 లేదా 73 బస్సెక్కితే గేటు దగ్గరే దిగొచ్చు. లోపల మలుపులు ఎక్కువ, గేటు దగ్గర మ్యాపు తీసుకోండి.