బరువు తూచి మందు రాసే పిల్లల క్లినిక్

గుంటూరు కొత్తపేటలోని ఈ పిల్లల క్లినిక్‌కు మేము ఏడాదిగా వెళ్తున్నాము. ఇక్కడ ఎంత రద్దీ ఉన్నా, బిడ్డను కాటా మీద కూర్చోబెట్టి బరువు చూడకుండా డాక్టరుగారు మందుల చీటీ మీద కలం పెట్టరు. జ్వరంతో తీసుకెళ్లిన రోజు మా పాప బరువు పదకొండు కిలోలు ఉంది. ఆ అంకె చీటీ పైభాగాన వేసి, కింద పారాసిటమాల్ అని పెద్ద అక్షరాలతో, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అని, 3 మిల్లీలీటర్లు, ఆరు గంటల ఎడంతో, జ్వరం ఉంటేనే అని విడివిడిగా రాశారు.

ఈ వివరం ఎంత ముఖ్యమో మాకు అంతకుముందే అనుభవమైంది. వేరొక చోట చూపించినప్పుడు చీటీలో మందు పేరు, ‘అర మూత’ అన్న మాట తప్ప మరేమీ లేవు. అదే పేరుతో 125 మిల్లీగ్రాముల సిరప్, 250 మిల్లీగ్రాముల సిరప్, ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందు కూడా దొరుకుతాయి. మెడికల్ షాపులో 125 ఇచ్చారు. పాపకు పడవలసిన దానిలో సగమే పడి, రాత్రంతా ఒళ్లు కాలుతూనే ఉంది. అదే కొలతలో చుక్కల మందు పోసి ఉంటే మోతాదు ఎంతో మించిపోయేదని తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఇక్కడ నర్సమ్మ సూది లేని సిరంజి మీద 3 దగ్గర పెన్నుతో గీత గీసి, నీళ్లు పీల్చి చూపించి మరీ పంపారు.

మా అత్తగారు దగ్గుకు కూడా ఏదైనా రాయమని అడిగారు. డాక్టరుగారు విసుక్కోకుండా గొంతు, చెవులు, ఊపిరి చూసి, ఇది వైరస్ జలుబు, యాంటీబయాటిక్‌తో పని లేదని చెప్పారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించిందని కూడా వివరించి, దగ్గు మందు రాయనన్నారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసివాళ్లు ప్రాణాలు కోల్పోయిన వార్త చదివిన ఏ తల్లికైనా ఆ నిరాకరణ విలువ తెలుస్తుంది. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మూత్రం తక్కువగా పోస్తున్నా, జ్వరం మూడు రోజులు దాటినా వెంటనే తీసుకురమ్మని చీటీ వెనుక తెలుగులో రాసి ఇచ్చారు.

లోపం లేదని చెప్పను. సాయంత్రం ఓపీలో టోకెన్ తీసుకున్నాక రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. టీకాలకు వచ్చిన నెలల పిల్లలనూ జ్వరంతో ఉన్నవారినీ ఒకే హాలులో కూర్చోబెడుతున్నారు. టీకాలకు ఉదయం వేళ విడిగా కేటాయిస్తే చాలా మేలు. టీకా కోసమే వెళ్లేవారు అంతవరకు క్లినిక్ తెరిచే సమయానికే చేరుకోవడం మంచిది.