విశాఖలో పాత పీఎస్ వీటా కొంటున్నారా? ఎండలో చూపిస్తే డబ్బు ఇవ్వకండి

బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికి రమ్మని, మిట్టమధ్యాహ్నం ఎండలో వీటా (చేతిలో పట్టుకుని ఆడే సోనీ గేమ్ సెట్టు) చూపించి అమ్ముతున్నవాడు ఒకడున్నాడు. ప్రకటనలో "ఓఎల్ఈడీ మోడల్, 64 జీబీ, సింగిల్ హ్యాండ్ యూజ్, మా బావ షిప్‌లో చేస్తాడు, జపాన్ నుంచి తెచ్చాడు" అని ఉంటే కొనేముందు ఇది చదవండి. తొమ్మిదిన్నర వేలు తీసుకుని నాకు పాడైపోయిన సెట్టు అంటగట్టాడు. పేరూ నంబరూ మార్చి మళ్లీ మళ్లీ ప్రకటనలు పెడుతున్నాడు కాబట్టి పేరుతో పనిలేదు. అతను అమ్మే పద్ధతి తెలియాలి.

ముందు ఎండ సంగతి. 2011 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన మొదటి మోడల్‌కి ఐదంగుళాల ఓఎల్ఈడీ తెర. 2013లో వచ్చిన స్లిమ్ మోడల్‌కి ఎల్‌సీడీ తెర వేశారు. నలుపు నిజంగా నల్లగా కనిపించేది పాతదాంట్లోనే, అందుకే మనం దానికోసం వెతుకుతాం. కానీ పాత సెట్లలో ఆ తెర మీద మచ్చలు ఉండొచ్చు, అవి ఎండలో అస్సలు తెలియవు. నాకిచ్చినదాన్ని ఇంట్లో లైటు తీసి గేమ్ లోడయ్యేటప్పుడు చూస్తే తెరంతా మరకలే. పాత మెనూ బొమ్మల నీడ కూడా అచ్చుపడి ఉంది. కాబట్టి మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి రమ్మనండి. బ్రైట్‌నెస్ పెంచి నల్లటి స్క్రీన్ పెట్టి చూడండి. రానంటే వదిలేయండి.

అంతకంటే పెద్ద మోసం ఆ 64 జీబీలో ఉంది. వీటాలో మామూలు మైక్రోఎస్‌డీ పట్టదు, సోనీ సొంత మెమరీ కార్డు ఉండాలి. 64 జీబీది అప్పుడూ ఖరీదే, ఇప్పుడు దొరకడమే కష్టం. మొదటి మోడల్‌లో మనం వాడుకోవడానికి లోపల మెమరీ లేదు. అంటే కార్డు లేకపోతే చాలా గేముల్లో సేవ్ కూడా చేసుకోలేం. ఇతను ఇచ్చిన సెట్టులో కింద ఉండే మెమరీ స్లాట్ ఖాళీ. పైన గేమ్ కార్డు (కొన్న గేమ్ ఉండే చిన్న కార్డు) పెట్టే చోట ఒక అడాప్టరు, అందులో మైక్రోఎస్‌డీ. సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ని హ్యాక్ చేస్తేనే ఆ అడాప్టరు పనిచేస్తుంది. గేమ్ కార్డు పెట్టాలంటే దాన్ని తీసేయాలి, తీస్తే మెమరీయే లేదు.

ఇదేంటని అడిగితే, "గేమ్స్ అన్నీ ఎక్కించే ఉన్నాయి కదన్నా, ఇంక కార్డులెందుకు" అన్నాడు. డబ్బు పోయినదానికంటే నాకు ఈ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. గ్రావిటీ రష్, పెర్సోనా 4 గోల్డెన్, టేర్‌అవే కార్డులు డబ్బాలతో సహా దాచుకున్నాను. ఫ్రెండ్స్ అందరూ పీఎస్4 కొనుక్కుంటున్న రోజుల్లో వీటా కోసం విడిగా డబ్బు దాచి ఒక్కొక్కటీ కొన్నవి అవి. వాటిని పెట్టలేని వీటా నాకెందుకు?

రెండు స్లాట్ల మూతలూ మీ చేత్తో తెరిచి చూడండి. మీ గేమ్ కార్డు ఒకటి వెంట తీసుకెళ్లి, అక్కడే ఆడి, సేవ్ చేసి, ఆపి మళ్లీ తెరవండి. వెనక టచ్‌ప్యాడ్ అంతటా వేలితో రాసి చూడండి. టేర్‌అవేలో ఆ వెనకవైపు నుంచే మన వేళ్లు గేమ్ లోకంలోకి దూసుకొస్తాయి, అది చచ్చిపోతే ఆ గేమ్ ముందుకు సాగదు. నాకిచ్చిన దాంట్లో బ్యాటరీ ఉబ్బి వీపు కొద్దిగా లేచింది, టచ్‌ప్యాడ్ ఒక పక్క పనిచేయడం లేదు. బల్ల మీద పెడితే సెట్టు ఊగుతోందంటే బ్యాటరీని అనుమానించండి, ఛార్జింగ్ పెట్టకండి. మొదటి మోడల్‌కి ఛార్జింగ్ కేబుల్ వేరు, మైక్రో యూఎస్‌బీ పట్టదు. కేబుల్ లేకుండా తీసుకోవద్దు.

"నా అకౌంట్‌లో బోలెడు గేమ్స్ ఉన్నాయి, పాస్‌వర్డ్ ఇస్తా" అని కూడా అంటాడు. అతని మెయిల్ అతని చేతిలోనే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి లాక్కోవచ్చు. మీ ఎదురుగానే సెట్టింగ్స్‌లో ఫార్మాట్‌కి వెళ్లి సిస్టమ్ రీస్టోర్ చేయించండి.

వీటా కొనొద్దని నేను చచ్చినా చెప్పను. 2021లో సోనీ దీని గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ మూసేస్తామంటే అభిమానులు గొడవచేసి ఆపించుకున్నారు. ఆ అక్టోబరు నుంచి సెట్టులోంచి నేరుగా బ్యాంకు కార్డుతో కొనలేం కానీ, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మన ప్లేస్టేషన్ వాలెట్‌లో డబ్బు వేసుకుని కొనొచ్చు. అయితే తయారీ 2019లోనే ఆగిపోయింది. జగదాంబ దగ్గర రిపేరు షాపుల్లో తిరిగాను, విప్పి చూస్తామన్నారు గానీ తెర, బ్యాటరీ ఎవరి దగ్గరా లేవు. పాడైన సెట్టు వస్తే దాన్ని బాగుచేయించుకునే దారి మన ఊళ్లో నాకు దొరకలేదు.

నా ఫోన్ ఎత్తడం మానేశాడు. యూపీఐ రసీదు, చాట్ పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇదే తీరులో మీకూ జరిగి ఉంటే చాట్ డిలీట్ చేయకండి, ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకుని మీరూ ఫిర్యాదు చేయండి.